ఐదేళ్లు ఫ్లాట్‌పాక్, స్నాప్, యాప్‌ఇమేజ్ వాడాక నాకు తేలింది

డెబియన్ స్టేబుల్ అనే లినక్స్ మీద ఐదేళ్లు నిండాయి, ఆఫీసు పని, వీడియో ఎడిటింగ్, కొంచెం కోడింగ్ అన్నీ దాని మీదే. స్టేబుల్ వాడేవాళ్లందరికీ తెలిసిన బాధే, సిస్టమ్ బండలా కదలకుండా ఉంటుంది గానీ రెండేళ్లకోసారి వచ్చే రిలీజ్ దాకా యాప్‌లన్నీ ఆ పాత వెర్షన్ దగ్గరే ఆగిపోతాయి. ఒకసారి ఫ్రెండ్ పంపిన వీడియో ప్రాజెక్ట్ నా ఎడిటర్‌లో తెరుచుకోనే లేదు, తను కొత్త వెర్షన్‌లో చేశాడట. ఆ రోజే మొదటిసారి ఆ కొత్త వెర్షన్‌ని ఫ్లాట్‌పాక్‌గా, అంటే సిస్టమ్ ప్యాకేజీలతో సంబంధం లేకుండా యాప్ వేసుకునే పద్ధతిలో పెట్టుకున్నా, పది నిమిషాల్లో పనయిపోయింది, కింద సిస్టమ్‌లో ఒక్క లైబ్రరీ (యాప్‌లు పంచుకునే కోడ్) కూడా మారలేదు. ఆ సంబరం ఇంకా గుర్తుంది.

తర్వాత మెల్లగా అలవాటైపోయి ఒక దశలో ముప్ఫైకి పైగా యాప్‌లు ఇలాగే ఉండేవి, ఇలాంటిదే ఇంకో పద్ధతి స్నాప్ ఓ ఏడాది వాడా, మూడోది యాప్‌ఇమేజ్, అవి ఇప్పటికీ రెండు ఉన్నాయి. అన్నిటి వెనక ఆలోచన ఒకటే, యాప్ తనకి కావాల్సిన లైబ్రరీలు డిస్ట్రోని (డెబియన్ లాంటి లినక్స్ రకాన్ని) అడక్కుండా తనే వెంట తెచ్చుకుంటుంది. డెబియన్ 11 నుంచి 12కి, 12 నుంచి 13కి వెళ్లినప్పుడు ఈ యాప్‌లలో ఒక్కటీ కిక్కురుమనలేదు. ఫ్లాట్‌పాక్‌లో సెట్టింగులు కూడా హోమ్‌లో ఒకే చోట యాప్‌కో ఫోల్డర్ చొప్పున ఉంటాయి, కొత్త లాప్‌టాప్‌కి మారినప్పుడు అవి కాపీ చేసి యాప్‌లు మళ్లీ ఇన్‌స్టాల్ చేశా, ఎక్కడ వదిలానో అక్కడే మొదలుపెట్టా.

ఇక చోటు సంగతి. డిస్క్ తినేస్తుంది అని అందరూ అంటారు, ఎక్కడ తింటుందో మాత్రం చెప్పరు. ఫ్లాట్‌పాక్‌లో చాలా యాప్‌లు చిన్నవే, వాటి కింద రన్‌టైమ్ అని లైబ్రరీల కట్ట ఒకటి ఉంటుంది, ఫ్రీడెస్క్‌టాప్‌ది, గ్నోమ్‌ది, కేడీఈది ఇలా. అదే రన్‌టైమ్ అదే వెర్షన్ వాడే యాప్‌లు పదున్నా అది ఒక్కసారే దిగుతుంది. చిక్కంతా వెర్షన్ల దగ్గరే. గ్నోమ్ రన్‌టైమ్ ఆర్నెల్లకోసారి కొత్తది వస్తుంది, ఒక యాప్ వాళ్లు వెంటనే మారతారు, ఇంకొకళ్లు ఏడాది ఆగుతారు, మూడో యాప్ వాళ్లు తమ యాప్‌నే ఎప్పుడో వదిలేసి ఉంటారు, దాంతో మన దగ్గర మూడు గ్నోమ్‌లు పక్కపక్కనే పడి ఉంటాయి. సిస్టమ్ ఉండే నా రూట్ పార్టిషన్ 40 జీబీ, ఒకరోజు నిండిపోయి అప్‌డేట్ మధ్యలో ఆగిపోయింది, చూస్తే ఫ్లాట్‌పాక్ ఫోల్డర్ ఒక్కటే 17 జీబీ. వాడని రన్‌టైమ్‌లు తీసేసే కమాండ్ ఒకటుంది, అన్‌ఇన్‌స్టాల్‌కి అన్‌యూజ్డ్ అని తగిలిస్తే చాలు, దాంతో 5 జీబీ తిరిగొచ్చింది. మిగిలిన వాటిలో ఒక పాత రన్‌టైమ్ మొత్తం ఒకే ఒక్క కలర్ పికర్ కోసం ఉందని అప్పుడే తెలిసింది, దాన్నీ తీసేశా.

ఓపెన్ సోర్స్ కాని గ్రాఫిక్స్ డ్రైవర్ వాడేవాళ్లకి ఇంకో తిప్పలు. డ్రైవర్‌ది కూడా ఫ్లాట్‌పాక్ లోపల ఒక కాపీ ఉండాలి, అది సిస్టమ్‌లో ఉన్న వెర్షన్‌తో అంకె అంకె కలవాలి. ఒకసారి ఆప్ట్‌తో (డెబియన్ సొంత ఇన్‌స్టాల్ టూల్) డ్రైవర్ అప్‌డేట్ చేసి రీబూట్ చేశా, ఎడిటర్‌లో ప్రివ్యూ నత్తలా నడుస్తోంది, కార్డు పాడైందేమో అని భయపడ్డా. ఫ్లాట్‌పాక్ అప్‌డేట్ కొట్టగానే కొత్త డ్రైవర్ కాపీ దిగి మామూలైపోయింది. అప్పట్నుంచి రెండు అప్‌డేట్లూ ఒకదాని వెనక ఒకటి చేస్తున్నా.

శాండ్‌బాక్స్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నేను దీని కోసమే ఇందులో ఉండిపోయా. యాప్ చుట్టూ బబుల్‌ర్యాప్ అనే టూల్ గోడ కడుతుంది, బయటి ఫైల్ కావాలంటే పోర్టల్ అనే మధ్యవర్తి ద్వారా మనం ఎంచుకున్నదే దాని చేతికొస్తుంది. చాలా మంచి ఏర్పాటు. కాకపోతే ఒక రాత్రి ఓ ప్లేయర్‌లో వీడియో తెరిచా, పక్కనే అదే పేరుతో సబ్‌టైటిల్ ఫైల్ ఉంది, రావట్లేదు. పేరు మార్చి చూశా, ఎన్‌కోడింగ్ మార్చి చూశా, అరగంట పోయింది. చివరికి ఫైల్ వివరాల్లో పాత్ చూస్తే అది నా వీడియోల ఫోల్డర్ కాదు, రన్, దాని కింద యూజర్, 1000, డాక్, ఆ తర్వాత ఏవో అక్షరాలూ అంకెలూ. అంటే పోర్టల్ నేను ఎంచుకున్న ఒక్క ఫైల్‌నే లోపలికి పంపింది, పక్కనున్న సబ్‌టైటిల్ ఆ యాప్‌కి కనపడనే కనపడదు. పర్మిషన్లు మార్చే ఫ్లాట్‌సీల్ అనే యాప్ తెరిచి ఆ ఫోల్డర్‌ని చదవడానికి మాత్రం పర్మిషన్ ఇచ్చా, వచ్చేసింది. దీనికి రెండో వైపు కూడా ఉంది, ఈ గోల ఎందుకని చాలా యాప్‌లు హోమ్ ఫోల్డర్ మొత్తం రాసే పర్మిషన్‌తోనే వస్తాయి, అలాంటి యాప్ టెర్మినల్ తెరిచినప్పుడల్లా నడిచే మీ బ్యాష్ సెట్టింగ్ ఫైల్‌లో ఒక లైన్ చేర్చగలదు, అప్పుడు గోడ ఉన్నా లేనట్టే. అందుకే ఇన్‌స్టాల్ చేసిన వెంటనే పర్మిషన్లు చూడండి, ఐదు నిమిషాలు కూడా పట్టదు.

నా అభిప్రాయం పూర్తిగా మారింది మాత్రం 2023 సెప్టెంబర్‌లో. వెబ్‌పీ బొమ్మలు తెరిచే లిబ్‌వెబ్‌పీ అనే లైబ్రరీలో పెద్ద లోపం బయటపడింది, తయారుచేసిన బొమ్మ ఒకటి చూపిస్తే దాడి చెయ్యగలిగే రకం. డెబియన్‌లో ఒక్క ప్యాకేజీ అప్‌డేట్ అయ్యింది, దాన్ని పంచుకునే యాప్‌లన్నీ రీస్టార్ట్‌తో బాగయ్యాయి. రన్‌టైమ్‌లో ఉన్న కాపీ వాడే ఫ్లాట్‌పాక్‌లు కూడా రన్‌టైమ్ అప్‌డేట్‌తో ఒడ్డున పడ్డాయి. సొంత కాపీ లోపల పెట్టుకున్నవి, ముఖ్యంగా లోపల ఒక బ్రౌజర్‌నే మోసుకొచ్చే ఎలక్ట్రాన్ యాప్‌లు, ఎవరిది వాళ్లు బాగుచేస్తే తప్ప లేదు. ఎలక్ట్రాన్ యాప్‌ని డెబియన్ సొంత ప్యాకేజీ అయిన డెబ్ ఫైల్‌గా పెట్టుకున్నా లోపల క్రోమియం అనే ఆ బ్రౌజర్ ఉంటుంది కాబట్టి నేరమంతా ఫార్మాట్ మీద వెయ్యను. ఆ సాయంత్రం నా దగ్గరున్న యాప్‌లన్నీ లిస్ట్ తీసి ఒక్కొక్కటే చూశా, అప్పటికే నెలల తరబడి అప్‌డేట్ రానివి రెండు తేలాయి, తీసేశా. డిస్ట్రో మెయింటెయినర్లు ఇన్నాళ్లూ మన తరఫున మోసిన బరువు ఇప్పుడు యాప్ చేసినవాళ్ల మీద పడింది, వాళ్లు ఓపిక ఉన్నవాళ్లా కాదా అనేది మనమే చూసుకోవాలి.

స్నాప్ గురించి క్లుప్తంగా. సర్వర్ మీద, కమాండ్ లైన్ టూల్స్‌కి బాగా పనికొస్తుంది, ఫ్లాట్‌పాక్ అక్కడ అంత సుఖం కాదు. నేను వదిలేయడానికి కారణం అప్‌డేట్లు, మామూలుగా రోజుకి నాలుగుసార్లు దానంతటదే చూసి వేసేస్తుంది, హోల్డ్ పెట్టి అప్‌డేట్లు ఆపుకునే వీలు తర్వాత వచ్చింది గానీ అప్పటికే నేను మారిపోయా. స్టోర్ ఒక్కటే, దాని సర్వర్ కోడ్ ఓపెన్ కాదు, అదీ నాకు నచ్చలేదు.

యాప్‌ఇమేజ్ ఒకే ఫైల్, ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇచ్చి నొక్కడమే, పాత వెర్షన్ దాచుకోడానికి ఇంతకంటే తేలిక లేదు. కానీ కొత్త సిస్టమ్ మీద డబుల్ క్లిక్ చేస్తే ఏమీ జరగలేదు, టెర్మినల్లో నడిపితే ఫ్యూజ్ 2 లైబ్రరీ లేదని చెప్పింది. అన్నీ లోపలే ఉన్నాయనుకుంటాం గానీ పాత తరహా యాప్‌ఇమేజ్‌లకి అది మాత్రం బయట ఉండాలి. మామూలుగా శాండ్‌బాక్స్ కూడా ఉండదు, అప్‌డేట్ వచ్చిందో లేదో చాలావాటిలో మనమే వెళ్లి చూసుకోవాలి.

కోడ్ ఎడిటర్ మాత్రం మళ్లీ డెబ్‌కే వచ్చేశా, గోడ లోపలి ఎడిటర్‌కి బయట నేను పెట్టుకున్న కంపైలర్లు కనపడక ప్రతిదానికీ అడ్డదారి వెతకాల్సి వచ్చేది. పాస్‌వర్డ్ మేనేజర్, బ్రౌజర్ కూడా అంతే, అవి రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి కాబట్టి ఆప్ట్ నుంచే. ఆఫీస్ సూట్, వీడియో ఎడిటర్, మీటింగ్ యాప్ లాంటివి ఫ్లాట్‌పాక్, మొత్తం పదకొండు మిగిలాయి. అందులో ఒక ఆడియో టూల్ రన్‌టైమ్ కాలం చెల్లిందని ప్రతి అప్‌డేట్‌కీ హెచ్చరిక వస్తోంది, దానికి సాటి వచ్చేది ఇంకా దొరకలేదు, అందుకని నెట్‌వర్క్ పర్మిషన్ తీసేసి, ఒక్క ఫోల్డర్ మాత్రమే కనపడేలా పెట్టి వాడుతున్నా.