జాగ్రత్త: ‘ఐ7 గేమింగ్ పీసీ’ అని మాత్రమే రాసి ఉంటే డబ్బు కట్టకండి

సెకండ్‌హ్యాండ్‌లో గేమింగ్ పీసీ చూస్తున్నవాళ్లు ఇది చదివాక బేరమాడండి. నేను దెబ్బతిన్నాను. సగం అమ్మినవాడి తెలివి, సగం నా తొందర.

ప్రకటనలో ఉన్నది ఇంతే: ఇంటెల్ ఐ7 ప్రాసెసర్, 4 కోర్లు (పని చేసే భాగాలు), 8 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు), 3.8 గిగాహెర్ట్జ్, మంచి గ్రాఫిక్స్ కార్డు. ఫొటోలో కేసు నిండా రంగు లైట్లు. అప్పటికి నేను ఐ3-12100ఎఫ్‌తో కొత్తది కట్టించుకుందామని లెక్కలేసుకుంటున్నాను. ఆ మాటే అంటే, "ఐ7 దొరుకుతుంటే ఐ3 ఎవరైనా కొంటారా అండీ?" అన్నాడు. నిజమే కదా అనిపించింది. ఏ జనరేషన్ (ఎన్నో తరం చిప్) అని అడగాలన్న ఆలోచనే రాలేదు.

పాత గేమ్స్ బాగానే ఆడాయి. ఓపెన్ వరల్డ్ గేమ్ ఒకటి పెట్టి, జనం ఉన్న వీధిలోకి కారు పోనిచ్చేసరికి కుదుపులు మొదలయ్యాయి. గ్రాఫిక్స్ సెట్టింగ్స్ అన్నీ కనిష్ఠానికి దించాను, రిజల్యూషన్ తగ్గించాను. ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేమ్‌లు) ఒక్కటంటే ఒక్కటి పెరగలేదు. అనుమానం అక్కడే వచ్చింది. కార్డు మీద భారం ఎక్కువై ఉంటే, అంత తగ్గించాక ఫ్రేమ్‌లు పెరగాలి. పెరగలేదంటే వెనకబడుతున్నది ప్రాసెసర్. టాస్క్ మేనేజర్ తెరిస్తే ఐ7-2600 అని కనిపించింది. 2011లో వచ్చిన చిప్!

చిప్‌ను తప్పుపట్టను, దాని కాలంలో అది రాజు. కానీ 2022లో వచ్చిన 12100ఎఫ్‌కీ అవే 4 కోర్లు, 8 థ్రెడ్లు. గరిష్ఠ వేగం 4.3 గిగాహెర్ట్జ్. కాగితం మీద తేడా కొంచెమే. అసలు తేడా ఒక్కో క్లాక్‌కి (గిగాహెర్ట్జ్‌లో లెక్కపెట్టే ఒక్కో టిక్కుకి) చేసే పనిలో ఉంది, అందులో పాతది చాలా వెనకబడిపోయింది. పైగా దానికి ఏవీఎక్స్2 సూచనలు (తర్వాతి చిప్‌లలో వచ్చిన, లెక్కలు వేగంగా చేసే ఆదేశాలు) లేవు, అవి తప్పనిసరిగా కావాల్సిన గేమ్ ఒకటి అసలు తెరుచుకోనే లేదు. విండోస్ 11 అధికారిక జాబితాలోనూ ఈ చిప్ లేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

డెమోలో కూడా బోల్తా పడ్డాను. స్క్రీన్ మూలన సగటు ఎఫ్‌పీఎస్ 90 చూపించాడు, అదీ ఖాళీ మైదానంలో. సెకనుకు 60 ఫ్రేమ్‌లు రావాలంటే ఒక్కోటి 16.7 మిల్లీసెకన్లలో తయారవ్వాలి. మధ్యలో ఒకటి 80 తీసుకుంటే కంటికి కుదుపు తెలుస్తుంది, సగటులో మాత్రం కనిపించదు. చూడాల్సింది ‘1% low’ అనే అంకె, అంటే అన్నిటికంటే నెమ్మదైన ఒక్క శాతం ఫ్రేమ్‌ల దగ్గర ఎఫ్‌పీఎస్ ఎంత అన్నది. అదీ రద్దీ సీన్‌లో.

కాబట్టి పూర్తి మోడల్ నంబర్ అడగండి. ఇంటెల్ ఐ సిరీస్‌లో 2600 అంటే రెండో జనరేషన్, 12100 అంటే పన్నెండోది. ఏఎండీ వాళ్ల రైజెన్ ప్రాసెసర్లలోనూ చూసుకోవాలి: రైజెన్ 5 5500, 5600 రెండిటికీ 6 కోర్లే, కానీ ఎల్3 క్యాష్ (చిప్‌లోనే ఉండే వేగమైన మెమరీ) మొదటిదానికి 16 ఎంబీ, రెండోదానికి 32. గేమ్స్‌లో ఆ తేడా తెలుస్తుంది.

ఇప్పుడు ప్రాసెసర్ ఒక్కటే మార్చేద్దామంటే కుదరదు. ఆ బోర్డు మూడో జనరేషన్ దాటి ఎక్కించుకోదు, ర్యామ్ పాత రకం డీడీఆర్3. రెండూ మార్చాల్సిందే. అమ్మినవాడికి మెసేజ్ పెడితే వచ్చిన జవాబు: "ఐ7 అనే రాశాను కదండీ, అబద్ధం ఏముంది?"