ఓవెన్ షియర్స్: ముందు ఏ పుస్తకం చదవడం మేలు?

వేల్స్ సాహిత్యం అనగానే మన పాఠకులు డిలన్ థామస్ దగ్గర ఆగిపోతారు. ఆయన 1953లోనే పోయారు. ఇప్పుడు రాస్తున్నవారిలో ఎవరిని చదవాలని అడిగితే నేను ఓవెన్ షియర్స్ పేరు చెబుతాను. 1974లో ఫిజీ రాజధాని సువాలో పుట్టారు. మద్రాసు రేవులో ఓడెక్కిన తెలుగు కూలీలు చెరకు తోటల్లో పనిచేసి స్థిరపడిన ఫిజీయే అది. పెరిగింది మాత్రం దక్షిణ వేల్స్‌లో, ఇంగ్లండ్ సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న అబర్‌గవెన్నీలో. కవితలు, నవలలు, నాటకాలు, రేడియోకు, టీవీకి కావ్యాలు, అన్నీ రాశారు. చిక్కల్లా మొదట ఏది చేతికి తీసుకోవాలన్నదే.

ఎక్కువమంది చూపించేది 2007లో వచ్చిన నవల ‘రెసిస్టెన్స్’. కథకు పట్టు గట్టిది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో ఫ్రాన్స్ తీరాన మిత్రరాజ్యాల నార్మండీ దండయాత్ర విఫలమై, జర్మన్ సైన్యమే బ్రిటన్‌లో దిగిందనుకోండి. వేల్స్ సరిహద్దులోని ఓల్చన్ లోయలో శారా అనే యువ రైతు భార్య ఒక ఉదయం కుక్కల మొరుగుడుకు నిద్ర లేస్తుంది. పక్కన భర్త లేడు. ఆ లోయలో ఏ ఇంట్లోనూ మగవాళ్లు లేరు. రాత్రికి రాత్రే, ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లిపోయారు. ఇది పూర్తిగా ఊహ కాదు. 1940లో బ్రిటన్ ప్రభుత్వం నిజంగానే రైతులను, వేటగాళ్లను రహస్య దళాలుగా కూర్చి, అడవుల్లో భూగర్భ స్థావరాలు తవ్వించింది. ఆ సంగతి భార్యలకు కూడా చెప్పకూడదని ఒట్టు పెట్టించింది. శత్రువు రాలేదు కాబట్టి ఆ స్థావరాలతో పని పడలేదు. శత్రువు వచ్చి ఉంటే ఏమయ్యేదో షియర్స్ రాశారు.

ఆ లోయకు ఒక చిన్న జర్మన్ గస్తీ దళం వస్తుంది. దాని పని హెర్‌ఫర్డ్ చర్చికి చెందిన మధ్యయుగపు ప్రపంచ పటాన్ని వెతికి పట్టుకోవడం. సుమారు 1300 ప్రాంతంలో ఒకే ఒక దూడ తోలు మీద గీసిన ఆ పటంలో జెరూసలేం లోకానికి నడిబొడ్డున ఉంటుంది. ఇంతలో మంచు కురిసి దారులు మూసుకుపోతాయి. గొర్రెలను కాపాడుకోవాలంటే ఆడవాళ్లకు మగచేతుల సాయం కావాలి, సైనికులకు తిండి కావాలి. సాయానికీ ద్రోహానికీ మధ్య గీత ఎక్కడ చెరిగిపోతుందన్నదే నవల అసలు ప్రశ్న.

నా ఫిర్యాదు ఒకటుంది. మొదటి అధ్యాయాలు ఊపిరి బిగబట్టి చదివిస్తాయి, నడిమి భాగం మాత్రం మంచులో కూరుకుపోయినట్టు సాగుతుంది. కొండ మీద వెలుగు మారే తీరును కవి వదల్లేకపోతారు. అది నచ్చేవాళ్లకు ఇదే ఆయన ఉత్తమ రచన. ‘తర్వాత ఏమైంది’ అని పుటలు తిప్పేవాళ్లకు విసుగు రావచ్చు. 2011లో దీన్ని సినిమాగా తీశారు, అదీ నెమ్మదిగానే నడుస్తుంది.

పనితనమే కొలబద్ద అయితే 2005 నాటి కవితా సంపుటి ‘స్కిరిడ్ హిల్’ ముందు నవల నిలవదు. అందులో ‘మామెట్జ్ వుడ్’ ఒక్కటి చాలు. 1916 జులైలో, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో జరిగిన సోమ్ పోరులో, వేల్స్ దళం ఒక అడవిని పట్టుకోవడానికి వెళ్లి వేల సంఖ్యలో చనిపోయింది, గాయపడింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు అక్కడి ఫ్రెంచి రైతుల నాగళ్లకు ఎముక ముక్కలు తగులుతూనే వచ్చాయి. చివరికి చేయీ చేయీ కలిపి పూడ్చిన ఇరవై మంది అస్థిపంజరాల గొయ్యి బయటపడింది. కవితలో ఎవరి మీదా కోపం లేదు, ఏ నినాదమూ లేదు. లోపల గుచ్చుకున్న పరాయి వస్తువును ఒళ్లు బయటికి నెట్టినట్టు నేల ఆ ఎముకలను పైకి నెడుతుంది, అంతే. తాతతో కలిసి గొర్రెపిల్లల విత్తులు కొట్టిన కుర్రవాడి జ్ఞాపకం మరో కవిత. పల్లెలో పెరిగినవాళ్లకు అది వెంటనే అందుతుంది. ‘వింటర్ స్వాన్స్’ను బ్రిటన్ బడుల్లో పదో తరగతి స్థాయి పరీక్షకు పాఠంగా పెట్టారు. పరీక్షల కోసం అంతగా నలిపినా ఆ కవిత వాడిపోలేదు.

అయినా కొత్త పాఠకుడి చేతిలో ‘స్కిరిడ్ హిల్’ పెట్టడానికి నేను జంకుతాను. అది వరసగా చదివేసే పుస్తకం కాదు. రోజుకు రెండు కవితలు చదివి పక్కన పెట్టాలి. అంత ఓపిక అందరికీ ఉండదు.

నా ఓటు మూడోదానికి. 2012లో బీబీసీ రేడియో కోసం రాసి, 2013లో పుస్తకంగా వచ్చిన ‘పింక్ మిస్ట్’. ఆర్థర్, హాడ్స్, టాఫ్ అనే ముగ్గురు బ్రిస్టల్ కుర్రాళ్లు సైన్యంలో చేరి అఫ్గానిస్థాన్ వెళ్తారు. ఏ ఒక్కరూ వెళ్లినట్టుగా తిరిగి రారు. వాళ్ల గొంతులతో పాటు ఒక తల్లి, ఒక భార్య, ఒక ప్రియురాలి గొంతులూ వినిపిస్తాయి. యుద్ధం నుంచి వచ్చినవాళ్లను, వాళ్ల కుటుంబాలను కలిసి, వాళ్లు చెప్పింది విని షియర్స్ దీన్ని కట్టారు. ప్రాసలు చెవికి తగులుతూనే ఉంటాయి కానీ మాట మాత్రం వీధిలో మాట్లాడుకునే మాటే. పెద్దగా చదివితే ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది.

దీని వెనుక మరో పొర ఉంది. వెల్ష్ భాష తొలి కావ్యాల్లో ఒకటైన ‘గొదొదిన్’, కత్రైత్‌కు యుద్ధానికి వెళ్లి తిరిగిరాని వీరుల శోకగీతం. కత్రైత్ అంటే యార్క్‌షైర్‌లోని నేటి కాటరిక్ అని ఎక్కువమంది పండితులు చెబుతారు. అక్కడే ఇప్పుడు బ్రిటిష్ పదాతి దళం శిక్షణ కేంద్రం ఉంది. షియర్స్ కుర్రాళ్లు కూడా శిక్షణకు కాటరిక్‌కే వెళ్తారు. పండిత పాఠకుడికి ఇది కనిపిస్తుంది, కనిపించకపోయినా కథకు లోటు లేదు.

నవలలో ఆయన ఊహ బాగా పనిచేస్తుంది, కవితల్లో కన్ను. అయితే అసలు బలం చెవి అని నా నమ్మకం. ఎదుటివాళ్లు చెప్పుకున్నదాన్ని, వాళ్ల మాట చెడకుండా, కావ్యంగా నిలబెట్టగలవాళ్లు అరుదు. ‘ది గ్రీన్ హాలో’లో ఆయన చేసిందీ అదే. 1966 అక్టోబరు 21 ఉదయం, బడి మొదలైన కాసేపటికే, దక్షిణ వేల్స్‌లోని అబర్‌వాన్ ఊరి మీదికి కొండపై పోసిన బొగ్గు గని వ్యర్థాల గుట్ట జారిపడింది. 144 మంది చనిపోయారు. వాళ్లలో 116 మంది పిల్లలే. యాభై ఏళ్లు నిండిన సందర్భంగా, 2016లో ఆ ఊరివాళ్ల గొంతులతో బీబీసీ కోసం రాసిన కావ్యమిది. విషయం ‘పింక్ మిస్ట్’ కంటే బరువైనది. కానీ దీన్ని నటీనటుల నోట వినాలి. పుస్తకంగా మొదట చదవమని చెప్పను.

కాబట్టి వరుస ఇలా పెడతాను. ముందు ‘పింక్ మిస్ట్’, అది ముగిసిన రోజే ‘మామెట్జ్ వుడ్’. దాదాపు వందేళ్ల తేడాతో రెండు యుద్ధాలు ఎదురెదురుగా నిలబడతాయి. ఆ తర్వాత మిగిలిన ‘స్కిరిడ్ హిల్’. ‘రెసిస్టెన్స్’ను తీరిక దొరికిన సెలవులకు ఉంచుకోండి. డ్రోన్ దాడి చుట్టూ అల్లిన 2015 నాటి నవల ‘ఐ సా ఎ మ్యాన్’కు తొందర లేదు. అందులో ఉత్కంఠ ఉంది కానీ వేల్స్ నేల వాసన తక్కువ.