ఆరేళ్లుగా మా పెరట్లో ఎర్ర అల్లం

కడియం నుంచి ఒక్క పిలక తెచ్చి, కాకినాడలో మా నూతి చప్టా పక్కన నాటాను. ఇప్పుడది నా తలను మించిన పొద. నర్సరీలో రెడ్ జింజర్ అని అడగాలి. శాస్త్రీయ నామం ఆల్పీనియా పర్పురేటా. పుట్టిల్లు పసిఫిక్ దీవులు, సమోవాకైతే జాతీయ పుష్పం.

ఆ ఎరుపు పువ్వుది కాదు. కాగితంపూలలో లాగే ఇక్కడా రంగంతా పుచ్ఛాలది, అంటే పువ్వు అడుగున రేకుల్లా కనిపించే ఆకులది. అసలు పువ్వు వాటి సందుల్లోంచి తెల్లగా, చిన్నగా తొంగిచూసి వెళ్లిపోతుంది. వాసన లేదు, జడలోకి పనికిరాదు. కానీ కోసి కూజాలో పెడితే మా ఇంట్లో పది రోజులకు తక్కువ ఎప్పుడూ నిలవలేదు. పొదను చూసి మా అత్తగారు "ఇంత అల్లం పెట్టుకుని బజారులో కొంటావేమమ్మా?" అన్నారు. దుంపరాష్ట్రమనే మందు దుంపకు దగ్గరి చుట్టమే గానీ, ఇది వంటింటి సరుకు కాదని చెప్పడానికి పూటంతా పట్టింది.

నాకు బాగా నచ్చిన గుణం వేరే ఉంది. రెండో ఏడు వానల్లో ఒక కంకి బరువుకు వంగి నేలను తాకింది. కోద్దామని ఎత్తి చూస్తే, వాడిన పుచ్ఛాల మధ్య రెండేసి ఆకులతో బుల్లి మొక్కలు, కింద దారపు పోగుల్లా వేళ్లు! వాటిని విడదీసి కొబ్బరి పొట్టులో పెడితే నాలుగింటిలో మూడు బతికాయి. ఆ తర్వాత మళ్లీ మొక్క కొనలేదు.

కష్టమంతా వేసవిలోనే. పడమటి ఎండ, వడగాలి తగిలితే ఆకుల అంచులు మాడిపోతాయి. ఒక పిలకను మామిడి నీడకు మార్చాక ఆ గొడవ తగ్గింది. నీళ్లు మాత్రం ఒక్కరోజు కూడా మానకూడదు. కాడ ఒక్కసారే పూస్తుంది. పూత అయ్యాక మొదలంటా కోసేస్తే కొత్త పిలకలకు చోటు దొరుకుతుంది. పిండినల్లి పుచ్ఛాల లోపల దాక్కుంటుంది, చీమలు బారులు తీరితే గాని తెలియదు. పైపైన వేపనూనె కొడితే లాభం లేదు, సబ్బునీళ్లు సందుల్లోకి దిగేలా కొట్టాలి.

హైదరాబాదులో మా చెల్లెలి బాల్కనీకి ఒక కుండీ ఇచ్చాను. పొడి గాలి, చిన్న కుండీ. రెండేళ్లు ఆకులే గానీ ఒక్క కంకి లేదు. ఇంకో మొక్క ఇమ్మంటోంది. ఈసారి కాగితంపూల కొమ్మ ఇద్దామనుకుంటున్నాను.