హాస్టల్ గదిలో ఫ్రెంచ్ ప్రెస్: రెండేళ్లు వాడాక

350 మి.లీ. గాజు ఫ్రెంచ్ ప్రెస్ (పొడిని వేడినీళ్లలో నానబెట్టి, అడుగున జల్లెడ ఉన్న ప్లంజర్ అనే కాడతో పొడిని కిందికి నొక్కి కాఫీ తీసే జాడీ), లీటరు కరెంటు కెటిల్. గదిలో ఈ రెండూ ఉంటే బయట కాఫీ తాగే అవసరం దాదాపు పోతుంది. అయితే డబ్బు మిగిలేదీ, తగలబడేదీ పొడి దగ్గరే.

300 మి.లీ. నీళ్లకు 18 గ్రాముల పొడి పడుతుంది. అంటే 250 గ్రాముల ప్యాకెట్ 13 సార్లకు వస్తుంది. ప్యాకెట్ ధరను 13తో భాగించి, ఆ అంకెను మీ క్యాంటీన్ కప్పు పక్కన పెట్టి చూడండి. ఇన్‌స్టంట్ అయితే కప్పుకు 2 గ్రాములు చాలు, 100 గ్రాముల సీసా 50 కప్పులు. చౌక ఒక్కటే లెక్కయితే ఇన్‌స్టంట్‌దే గెలుపు. ప్రెస్ పోటీ కాఫీ షాపుతోనే. వాడిన పొడిలో మళ్లీ నీళ్లు పోసి రెండో కప్పు తీయాలని చూడకండి. సారమంతా మొదటిసారే దిగిపోతుంది, మిగిలేది చేదు నీళ్లు.

పొడి కళ్ళుప్పులా బరకగా ఉండాలి. మెత్తటి పొడి జల్లెడను మూసేస్తుంది, ప్లంజర్ బిగుసుకుంటుంది. అప్పుడు బలంగా నొక్కితే వేడి డికాషన్ అంచుల నుంచి చేతి మీదికి చిమ్ముతుంది, ఒక్కోసారి గాజే పగులుతుంది. బిగుసుకుంటే అంగుళం పైకి లాగి, మళ్లీ మెల్లగా దించాలి.

నీళ్లు మరిగాక అర నిమిషం ఆగండి. ముందు 60 మి.లీ. పోసి పొడంతా తడపాలి, 30 సెకన్ల తర్వాత మిగతావి పోసి చెక్క చెంచాతో ఒకసారి కలపాలి (స్టీలు చెంచా తగిలి గాజు అంచు ఇట్టే పెచ్చు లేస్తుంది). మొత్తం 4 నిమిషాలు. నొక్కడానికి చేతి బరువు చాలు, 20 సెకన్లు పట్టనివ్వండి. వెంటనే వంచేసుకోవాలి. పొడి మీదే వదిలేస్తే కాఫీ చేదెక్కుతూనే ఉంటుంది. అడుగున మడ్డి తప్పదు, చివరి గుక్క వదిలేయండి.

చాలామంది తప్పు చేసేది కడగడంలో. పైపైన తొలిపితే జల్లెడ పొరల మధ్య కాఫీ నూనె పేరుకుపోతుంది, పది రోజులకల్లా ఎంత మంచి పొడి వేసినా పాత నూనె వాసనే. వారానికోసారి అడుగు మరను తిప్పి, చిల్లుల పళ్లెం, జల్లెడ, స్ప్రింగ్ పళ్లెం మూడూ విడదీసి సబ్బుతో తోమాలి. పిప్పిని చెత్తబుట్టలో వేయండి, సింక్‌లో పోస్తే పైపు పూడుకుపోతుంది. ఏడాది దాటాక జల్లెడ అంచు తీగలు లేస్తాయి, పొడి పక్కల నుంచి జారిపోతుంది. జాడీ లోపలి వెడల్పు కొలిచి జల్లెడ ఒక్కటీ కొంటే సరిపోతుంది, కొత్త ప్రెస్ అక్కర్లేదు.

ఇందులో కాగితం ఫిల్టర్ లేదు కాబట్టి చెడ్డ కొలెస్ట్రాల్ పెంచే కెఫెస్టాల్ కప్పులోకే వస్తుంది. ఆ ఇబ్బంది ఉన్నవాళ్లు కాగితంలో వడకట్టుకోవాలి. కాఫీ గింజల్లో రోబస్టా రకంలో కెఫీన్ అరబికా రకానికి దాదాపు రెట్టింపు, పరీక్షల రాత్రుళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

కెటిల్‌తో తిండీ కొంత గడుస్తుంది: మూత ఉన్న గిన్నెలో 40 గ్రాముల ఓట్స్, 200 మి.లీ. మరిగిన నీళ్లు, 5 నిమిషాలు. పాలు మాత్రం కెటిల్‌లో కాచొద్దు. పొంగి స్విచ్‌లోకి దిగుతాయి, అడుగు మాడుతుంది. మూత తెరిచి పెట్టినా ముప్పే. ఆవిరి తగిలితేనే ఆ స్విచ్ ఆగేది, తెరిచి ఉంటే నీళ్లు ఇగిరేదాకా మరుగుతూనే ఉంటుంది. 1500 వాట్ల కెటిల్‌ను ఇంకో వేడి పరికరంతో ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టకండి.

కెటిల్‌కు అనుమతి లేని హాస్టల్ అయితే 300 మి.లీ. చల్లటి నీళ్లలో 30 గ్రాముల పొడి వేసి, 12 గంటలు ఫ్రిజ్‌లో ఉంచి నొక్కండి. పొడి ఎక్కువే పడుతుంది, చేదు మాత్రం బాగా తక్కువ.