పాత చందమామల కోసం నాలుగు రాత్రులు: నెల్లూరు, కావలి, ఒంగోలు

నెల్లూరులో మొదటి రాత్రి మంచం పుస్తకాలకిచ్చి నేను కింద దుప్పటి పరుచుకున్నాను. స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న లాడ్జి, రోజుకు 900. ఫ్యాను తిరిగింది, వేడినీళ్ళు వచ్చాయి, కుర్రాడు అడక్కుండానే మంచినీళ్ళ బాటిల్ పెట్టి వెళ్ళాడు. మామూలు ప్రయాణికుడికి వంక పెట్టడానికి ఏమీ లేదు. నేను మాత్రం ఏ గదిలోకి వెళ్ళినా ముందు గోడకు అరచెయ్యి ఆనించి చూస్తాను. బాత్రూము వైపు గోడ తడిగా ఉంది, అడుగున సున్నం పొక్కులు లేచింది. ఇల్లు ఖాళీ చేస్తున్నామని ఫోను వస్తే వెళ్ళాను గానీ, అసలు నవంబరు వానల్లో నెల్లూరుకు పాత కాగితం కొనడానికి ఎవరూ వెళ్ళకూడదు.

నాది విజయవాడ. పాత పత్రికలు, కామిక్స్ కొని అమ్ముతాను. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల బండ్ల దగ్గర నిలబడి చదివిన అలవాటే వ్యాపారం అయింది. పొద్దున్నే పినాకిని ఎక్కితే టిఫిన్ వేళ దాటేసరికి నెల్లూరు. చేతిలో ఖాళీ సూట్‌కేసు, టార్చి, ప్లాస్టిక్ కవర్లు, ఎవరికి ఏ నెల సంచిక కావాలో రాసుకున్న నోటుబుక్కు.

మూలాపేటలో ఆ ఇల్లు. పెద్దావిడ, భర్త టీచరుగా రిటైరై చనిపోయారు. 1958 నుంచి 1974 వరకు చందమామలు, ఆరేసి నెలల సంచికలు కలిపి కుట్టించినవి, ఏడాదికి రెండు బైండ్ల చొప్పున 34. మొత్తం మీద మూడు సంచికలే లేవు. చూడగానే నోట్లో తడి ఆరిపోయింది, కానీ బేరగాడి ముఖంలో అది కనపడకూడదు. చందమామ 1947 జూలైలో మొదలైంది. 1952 నుంచి 1980 దాకా కొడవటిగంటి కుటుంబరావు గారు నడిపారు. ఈ 17 ఏళ్ళూ ఆ కాలంలోవే. అట్టల మీద వపా (వడ్డాది పాపయ్య) గారి రంగులు, లోపల భుజాన శవం వేసుకుని కత్తి పట్టిన విక్రమార్కుడు, శంకర్ గారి గీత.

చిక్కల్లా బైండింగ్‌లోనే. మన ఇళ్ళల్లో పుస్తకం మీద ప్రేమ ఉన్నవాళ్ళంతా చేసే పని అది, పాతవి సేకరించే కలెక్టర్ దృష్టిలో పుస్తకాన్ని పాడు చేసేదీ అదే. బైండరు మూడు పక్కలా మిషన్ మీద కోసేస్తాడు, పేజీ నంబర్లు సగం ఎగిరిపోతాయి. చాలామంది అట్టలు కూడా చింపేయిస్తారు. ఈ మాస్టారు అట్టలు ఉంచి కుట్టించారు, అదొక్కటే నా అదృష్టం. విడి సంచిక, పిన్నులతో, అంచులతో ఉన్నది ఒక ధర. అదే సంచిక బైండులో ఉంటే దానిలో సగం కూడా రాదు.

'కలెక్టర్లు కొంటారమ్మా ఇవి' అన్నాను. 'ఏ జిల్లా కలెక్టరు?' అని అడిగారావిడ. నాకు అర్థమయ్యేలోపే లోపలికెళ్ళి మంచి కప్పులో కాఫీ తెచ్చారు. తర్వాత విషయం చెప్పాను, కప్పు మాత్రం మార్చలేదు.

ధర దగ్గర బెంగళూరు నుంచి వాళ్ళబ్బాయి ఫోన్‌లోకి వచ్చాడు. 'ఆన్‌లైన్‌లో ఒక్కో చందమామ రెండు వేలు పెట్టారు కదండీ.' పెట్టారు నిజమే. మూడేళ్ళుగా అక్కడే ఉంది, ఎవరూ కొనలేదు. అడిగే ధర అందరికీ కనిపిస్తుంది, అమ్ముడైన ధర ఎవరూ గోడ మీద రాయరు. ఈ ఒక్క ముక్క అవతలివాళ్ళకు అర్థమయ్యేలా, వాళ్ళను మోసం చేస్తున్నట్టు వినపడకుండా చెప్పడమే నా వ్యాపారంలో కష్టమైన భాగం. పైగా చదువుకునేవాళ్ళకు పాత సంచికల స్కాన్లు దొరుకుతున్నాయి. కాగితమే కావాలనేవాళ్ళు కొద్దిమంది, వాళ్ళకు కావలసిన సంచికల జాబితాలు నాకు కంఠతా వచ్చు. నేను 12,000 దగ్గర మొదలుపెట్టాను, అబ్బాయి లక్ష దగ్గర. మధ్యలో ఆవిడ ఒక బైండు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. 1962 రెండో సగం. మార్జిన్లో కూతురు చిన్నప్పుడు పెన్సిలుతో గీసిన పిల్లి బొమ్మలు. 'ఇదియ్యను అబ్బయా' అన్నారు. 33 బైండ్లు, 17,000. సంచికకు 87 రూపాయల చొప్పున పడింది. మధ్యలో ఆరు నెలలు పోతే సెట్ విలువ ఎంత తగ్గుతుందో ఆవిడకు చెప్పలేదు. చెప్పినా ఇచ్చేవారు కాదు, ఇవ్వకూడదు కూడా.

రెండో రోజు మాగుంట లేఅవుట్‌లో 1,600కి ఏసీ గది తీసుకున్నాను. ఏసీ నా కోసం అనుకుని మేనేజరు 18లో పెట్టి చూపించాడు. గాలిలో తేమ లాగేస్తే నాకు చాలు, 26లో పెట్టుకుని దుప్పటి కప్పుకున్నాను. ఈ వ్యాపారం మీద వచ్చేవాళ్ళు నెల్లూరులో గదికి ఆ 700 ఎక్కువ పెట్టడానికి వెనకాడకండి. భోజనానికి ట్రంకు రోడ్డు మీద ఒక మెస్సులో చేపల పులుసు. పొద్దున చేసినది సాయంత్రం పెట్టారు, అందుకే అంత బాగుంది. చేతికి ఆ వాసన రెండు సబ్బులకు పోదు, కాబట్టి పుస్తకాలు చూసే పనంతా భోజనం ముందే ముగించుకోవాలి.

స్టోన్‌హౌస్‌పేట వైపు ఒక పాత పేపర్ల కొట్టు. ఇదివరకు కాటా మీద వేసి కిలో లెక్కన ఇచ్చేవాడు. ఇప్పుడు 'చందమామలకు రేటు వేరు సార్, యూట్యూబ్‌లో చూసినా' అంటున్నాడు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు ఒడ్డు కాలనీల నుంచి తడిసి ముద్దైన పుస్తకాలు బండ్ల కొద్దీ వచ్చాయట. రంగుల పేజీలు తడిస్తే ఒకదానికొకటి అతుక్కుని ఇటుకలా అవుతాయి, విడదీయబోతే బొమ్మ పక్క పేజీకి వచ్చేస్తుంది. ఆ సరుకు ఎవరికీ పనికిరాక మిల్లుకు పోయిందని చెప్పి నిట్టూర్చాడు, నేనూ నిట్టూర్చాను.

కానీ మూల మూటలో తమిళ కామిక్స్ దొరికాయి. మదరాసు దగ్గరే కాబట్టి ఇక్కడి కొట్లలో అప్పుడప్పుడు తగులుతాయి. ముత్తు కామిక్స్ 1972లో, లయన్ కామిక్స్ 1984లో మొదలయ్యాయి. రెండూ శివకాశివే. నాకు తమిళం అక్షరం రాదు. అట్ట, పిన్నులు, పేజీలు చూసి మూడు తీసుకున్నాను, ఒక్కోటి 20 రూపాయలు. తమిళంలో కామిక్స్ కొనేవాళ్ళ పట్టు మనవాళ్ళకు లేదు. ఆ మూడింటిలో ఒకటి ఎంతకు పోయిందో ఇక్కడ రాయను, రాస్తే వచ్చే నెల ఆ కొట్లో అన్నిటికీ రేటు వేరు అవుతుంది. 33 బైండ్ల కంటే ఆ మూడింటి మీదే నాకు లాభం శాతం ఎక్కువ.

బైండ్లు రెండు అట్టపెట్టెల్లో విజయవాడకు పార్సిల్ వేశాను. ఫారంలో విలువ ఎంత అని అడిగితే, ఖర్చు తగ్గుతుందని 'పాత పుస్తకాలు, 500' అని రాశాను. ఒక పెట్టె మూల చితికి వచ్చింది, ఆరు బైండ్ల కొసలు నలిగాయి. అడగడానికి నాకు నోరు లేదు. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

కావలిలో ఒక రాత్రి, 800. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, గది మాత్రం ఎండ తగిలే గది. అన్నిట్లోకీ పొడిగా ఉన్న గోడలు ఇక్కడివే. ఊళ్ళో ఒకాయన అటక మీద ఇంద్రజాల్ కామిక్స్, ఇంగ్లీషువి, అరవై దాకా. ఇంద్రజాల్ 1964 మార్చిలో ఫాంటమ్ అనే హీరో కథతో మొదలై 1990లో ఆగిపోయింది. ఈయనవి ఎక్కువ డెబ్బైల నాటివి. పురుగు పట్టకుండా కలరా ఉండలు వేసి ముప్పై ఏళ్ళు మూసిపెట్టారు. పురుగు పట్టలేదు, ఆ వాసన మాత్రం ఎవరూ వదిలించలేరు. కొనేవాడు కవరు విప్పగానే మొదటి ఫిర్యాదు అదే.

అక్కడే పిన్నుల గొడవ. సముద్రం దగ్గరి ఊళ్ళల్లో పిన్ను తుప్పు పట్టని కామిక్ నేను చూడలేదు. తుప్పు పక్క పేజీకి ఎర్రగా దిగుతుంది. ఆయన మంచి ఉద్దేశంతో పదింటికి కొత్త పిన్నులు కొట్టారు, చిరిగిన వెన్నుకు సెల్లో టేపు వేశారు. కలెక్టర్ల లెక్కలో పిన్ను మారిస్తే అది రిపేరు చేసిన పుస్తకం, టేపు వేస్తే ఇంకా కిందికి. అమెరికాలో 2000 నుంచి సీజీసీ అనే కంపెనీ కామిక్‌కు పదికి మార్కులేసి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసి ఇస్తుంది. మన మూడు వందల రూపాయల పుస్తకాన్ని అక్కడికి పంపితే పోస్టేజీకే పుస్తకం పోతుంది. అందుకని ఇక్కడ మార్కులేసేది మన నోరే. 'మింట్ కండిషనా అన్నా?', అంటే అచ్చాఫీసు నుంచి అప్పుడే వచ్చినట్టుందా, అని మెసేజ్ పెట్టేవాళ్ళకు నా జవాబు ఒకటే: మన ఉక్కపోతలో మింట్ అనేది పుట్టలేదు. టేపు లేనివి ఏరి 42 తీసుకున్నాను. మిగతావి వద్దంటే ఆయన ముఖం చిన్నబోయింది. 'బాగు చేసినవే వద్దంటారేందయ్యా' అన్నారు.

ఒంగోలులో కర్నూలు రోడ్డు దగ్గర 1,200 గది. శుభ్రం, సర్వీసు అన్నిట్లోనూ దీనికే మొదటి మార్కు. సూట్‌కేసు తెరిచాక వచ్చిన కలరా ఉండల వాసనకు రూంబాయ్ మాత్రం 'ఎవరికైనా బాగోలేదా సార్' అని టెన్షన్ పడ్డాడు. ఇక్కడ చూసిన అమర చిత్ర కథలు కొనలేదు. అమ్మేవారు అన్నీ మొదటి ముద్రణలేనని గట్టిగా నమ్ముతున్నారు. అవి ఎన్నిసార్లు అచ్చయ్యాయో లెక్కలేదు. తర్వాతి ముద్రణలకు 501 నుంచి కొత్త నంబర్లు ఇచ్చారు. ఆయన చేతిలోవి చాలావరకు అయిదు వందల పైచిలుకు నంబర్లే. చూపించాను. ఒప్పుకోలేదు.

ఇంకొకరి దగ్గర మంచి విడి చందమామలు, బైండు కానివి, అంచులు నిక్షేపంగా ఉన్నవి పన్నెండు. లోపల ఊదారంగు రబ్బరు ముద్ర, ఏదో పఠన మందిరం, 'కనిగిరి, నెల్లూరు జిల్లా'. కనిగిరి 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి వచ్చింది కాబట్టి ముద్ర అంతకు ముందుదే కావాలి. సంచిక వయసుకు అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. కానీ తీసేసినట్టు, అమ్మినట్టు ఎక్కడా రాసి లేదు. ఎవరో చదవడానికి తీసుకెళ్ళి తిరిగివ్వలేదేమో. గంటసేపు కూర్చుని, టీ తాగి, వదిలేసి వచ్చాను. ఇంకో బేరగాడు ఈపాటికి కొనేసి ఉంటాడు, ఆ మంట ఇంకా ఉంది.

లాడ్జిలకే 4,500 అయింది. ఇక కొన్నవాళ్ళకు పోస్టులో పంపడం. పాత రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ 2024 డిసెంబరులో ఎత్తేశారు. 2025 మేలో వచ్చిన జ్ఞాన్ పోస్ట్ చవకే, 300 గ్రాముల లోపు 20 రూపాయలు, 5 కిలోల దాకా 100. కానీ క్రమం తప్పకుండా వచ్చే పత్రికలకు అది వర్తించదు. చందమామ మాసపత్రిక. ఆగిపోయి ఇన్నేళ్ళయింది కదండీ అని కౌంటరులో వాదించి చూశాను. ఆవిడ నవ్వారు గానీ స్పీడ్ పోస్ట్ రసీదే చేతికిచ్చారు.

బైండ్లు కొనాల్సిన హైదరాబాదు ఆయన 1962 రెండో సగం లేదని తెలిసి ధర తగ్గించి అడిగారు, అది దొరికితే పాత ధరే ఇస్తానన్నారు. మొహమాటపడుతూనే మూలాపేట ఆవిడకు ఫోన్ చేశాను. 'చదవతా ఉండాను అబ్బయా, అయిపోనీ' అన్నారు. ఆరు సంచికలే. రెండు నెలలైంది.