జబ్బకు కట్టే బీపీ మిషన్: ఏది కొనాలి, ఎట్లా వాడాలి

కర్నూలు పెద్దాసుపత్రి చుట్టుపక్కల మెడికల్ షాపుల్లో అడిగితే రెండు రకాల బీపీ మిషన్లు చూపిస్తారు. ఒకటి మణికట్టుకు గడియారంలా పెట్టుకునేది. ఇంకొకటి జబ్బకు పట్టీ చుట్టేది. మొదటిది చిన్నగా, ముచ్చటగా ఉంటుంది, ఊరికి పోయేటప్పుడు సంచిలో పడేసుకోవచ్చు. అయినా దాని జోలికి పోవద్దు. మణికట్టు సరిగ్గా గుండె ఎత్తులో లేకపోతే అంకె మారిపోతుంది. పెద్దవాళ్ల చేత రోజూ అట్లా పట్టించడం అయ్యే పని కాదు.

ఇక్కడ చెప్పేది రెండో రకం గురించి. నాలుగు పెన్సిల్ సెల్లు, ఒక్క బటన్, రెండు వేలకు అటూ ఇటూగా ధర. ఇంట్లో బీపీ మాత్రలు వేసుకునే మనిషి ఉంటే కచ్చితంగా కొనాల్సిన వస్తువు. ఫోనుకు కలిసే మోడల్‌కు ఇంకో వెయ్యి పెట్టే బదులు ఆ డబ్బుతో సరైన పట్టీ కొనండి.

ఎందుకంటే అసలు తేడా అంతా పట్టీలోనే ఉంది. డబ్బాతో పాటు వచ్చేది చాలావరకు 22 నుంచి 32 సెంటీమీటర్ల జబ్బకు సరిపోయే పట్టీ. షాపుకు పోయే ముందు టైలర్ టేపుతో కొలవండి: భుజం ఎముకకూ మోచేతికీ సరిగ్గా మధ్యలో, చుట్టూ. 34 వచ్చిన మనిషికి ఆ పట్టీ ఎట్లాగోలా చుట్టుకుంటుంది, మిషన్ కూడా ఏదో ఒక అంకె చూపిస్తుంది. కానీ పట్టీ చిన్నదైతే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మరీ పెద్దదైతే తక్కువ చూపిస్తుంది. లార్జ్ పట్టీ విడిగా దొరుకుతుంది, అదే కంపెనీది, అదే మోడల్‌కు సరిపోయేది అడిగి తీసుకోండి. వేరే కంపెనీ పట్టీ గొట్టం బిగుసుకున్నా కొలత సరిగ్గా రాదు.

చుట్టేటప్పుడు పట్టీ కింది అంచు మోచేతి మడతకు రెండు మూడు సెంటీమీటర్ల పైన ఉండాలి. గొట్టం మోచేతి లోపలి వైపు నుంచి నడిమి వేలి వరసలో కిందికి రావాలి. పట్టీ కింద ఒకట్రెండు వేళ్లు దూరేంత వదులు చాలు. చొక్కా మీద చుట్టొద్దు. జాకెట్టు చెయ్యి పైకి మడిస్తే ఇంకా తప్పు, ఆ మడత తాడులా బిగుసుకుంటుంది. ఆడవాళ్లు నైటీలో ఉన్నప్పుడు, పొద్దున్నే చూసుకోవడం తేలిక.

మన ఇళ్లలో ఎక్కువగా తప్పు జరిగేది మంచం మీద. నాయన నవారు మంచం అంచున కూర్చుంటాడు, వీపుకు ఆనుకోను ఏమీ ఉండదు, కాళ్లు వేలాడుతుంటాయి, చెయ్యి తొడ మీద ఉంటుంది. చెయ్యి గుండె కంటే పది సెంటీమీటర్లు కిందికి ఉంటే పై అంకె ఏడెనిమిది పాయింట్లు పెరుగుతుంది. వీపు ఆనే కుర్చీ వేయండి, పాదాలు నేలకు ఆనించమనండి, కాలు మీద కాలు వద్దు. చేతికి బల్ల, అది ఎత్తు చాలకపోతే దాని మీద మడిచిన దుప్పటి. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. అంతకు ముందు అరగంట టీ, కాఫీ, బీడీ ముట్టకూడదు, ఒంటికి పోయి రావాలి. పట్టీలో గాలి నిండేటప్పుడు "మాట్లాడాకు నాయనా" అని చెప్పాల్సిందే. ఎంత వచ్చిందని అడిగినా అంకె పెరుగుతుంది.

మొదటిసారి రెండు చేతులకూ చూడండి. ఎక్కువ వచ్చిన చేతికే ఆ తర్వాత ఎప్పుడూ చూడాలి. డాక్టరు దగ్గరికి పోయే ముందు ఏడు రోజులు, పొద్దున మాత్రకూ టిఫినుకూ ముందు, మళ్లీ సాయంత్రం, ప్రతిసారీ నిమిషం ఆగి రెండుసార్లు చూసి నోటుబుక్కులో రాయండి. మొదటి రోజువి వదిలేసి మిగిలినవాటి సగటు తీయండి. బీపీ ఎక్కువ ఉందనడానికి ఆసుపత్రిలో 140/90 గీత అయితే, ఇంట్లో 135/85. ఒక్క రోజు అంకె చూసి మాత్ర మానేయడం, ఇంకో మాత్ర వేసుకోవడం రెండూ ప్రమాదమే.

ఎండాకాలం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మాన్యువల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది: ఈ మిషన్లు మామూలుగా 10 నుంచి 40 డిగ్రీల మధ్య వాడాలి. మే నెలలో కర్నూలు, అనంతపురంలో మధ్యాహ్నం రేకుల ఇంట్లో అంతకంటే ఎక్కువే ఉంటుంది. కిటికీ అరుగు మీద, బండి డిక్కీలో పెట్టొద్దు, పొద్దునపూట చల్లగా ఉన్నప్పుడే చూడండి. ఎండలకు ఒంట్లో నీళ్లు తగ్గి బీపీ పడిపోవడం కూడా ఉంటుంది. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయంటే, కూర్చుని ఒకసారి, నిలబడిన ఒక నిమిషానికీ మూడు నిమిషాలకూ ఒక్కోసారి చూడండి. పై అంకె 20 తగ్గితే డాక్టరుకు చెప్పాలి.

ఈ మిషన్‌కు లోటు లేదని కాదు. గుండె లయ తప్పే జబ్బున్నవాళ్లకు కొలత నిలకడగా రాదు, వాళ్లకు డాక్టరు చేత్తో చూసే కొలతే మేలు. ఎర్రర్ వస్తే ముందు పట్టీ వదులుగా ఉందేమో, గొట్టం మడత పడిందేమో, చెయ్యి కదిలిందేమో చూడండి. వెల్‌క్రో అరిగి చిటపటమని ఊడిపోతుంటే పట్టీ మార్చాలి. దాన్ని నీళ్లలో నానబెట్టొద్దు, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

180/120 దాటితే ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. అంతే వస్తే ఆ రోజే డాక్టరును కలవండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడడం, ఒక చెయ్యో కాలో పడిపోవడం ఉంటే మాత్రం మిషన్ పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి.

అడాప్టర్ చాలా మోడళ్లలో విడిగా కొనాలి, రోజూ వాడే ఇంటికి అది లాభమే. కొన్న వారంలోనే మిషన్‌ను డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, ఆయన చూసిన అంకెతో పోల్చుకోండి. బిల్లు మీద తేదీ, వారంటీ కార్డు మీద షాపు ముద్ర వేయించుకోవడం మర్చిపోవద్దు.