మియాటా గేర్‌బాక్స్‌కి ఒక ఆయిల్, డిఫరెన్షియల్‌కి ఇంకొకటి: చాలా ఏళ్లు వాడాక నా సమీక్ష

కారు 2000 మోడల్ మాజ్డా మియాటా ఎల్ఎస్. 1.8 లీటర్ల ఇంజిన్, అయిదు గేర్ల మాన్యువల్, వెనక చక్రాలకి శక్తిని పంచే డిఫరెన్షియల్ టోర్సెన్ లిమిటెడ్ స్లిప్ రకం, అంటే ఒక చక్రం జారినా రెండోదానికి శక్తి అందేలా చూసేది. ఉండేది డెట్రాయిట్ శివార్లలో. జనవరిలో మైనస్ పదిహేను డిగ్రీల్లో స్టార్ట్ చేయడం, జులైలో సౌత్ హేవెన్ దగ్గర జింజర్‌మన్ ట్రాక్ మీద ఉరికించడం, రెండూ ఈ బండికి అలవాటే. గేర్ ఆయిల్ సంగతి బయటపడేది కూడా ఈ రెండు చోట్లే. ఏప్రిల్‌లో ఏది పోసినా బాగానే అనిపిస్తుంది.

కారు నా చేతికి వచ్చినప్పుడు గేర్‌బాక్స్‌లో జీఎల్-5 ఆయిల్ ఉంది. జీఎల్ అంటే గేర్ ఆయిల్ తరగతి; జీఎల్-4 కంటే జీఎల్-5లో ఒత్తిడిని తట్టుకునే రసాయనాలు ఎక్కువ. మంచి సింథటిక్ ఆయిలే. పాతాయన తప్పు చేశాడని కూడా అనలేం, ఎందుకంటే మాజ్డా మాన్యువల్‌లో గేర్‌బాక్స్‌కి 75డబ్ల్యూ-90 (చిక్కదనం అంకెలు: మొదటిది చలిలో, రెండోది వేడిలో), జీఎల్-4 అయినా జీఎల్-5 అయినా సరే అనే ఉంది. హైదరాబాద్‌లో ఉన్న మా బావమరిది సలహా కూడా అదే: "రెండిట్లోకీ ఒకటే తొంభై ఆయిల్ పోసెయ్ బావా, ఎందుకు నీకింత టెన్షన్?" కానీ పొద్దున్నే చలిలో రెండో గేరు పడేది కాదు. గట్టిగా నెడితే గరగరమనేది. బండి వేడెక్కేదాకా ఫస్ట్‌లోంచి నేరుగా థర్డ్‌కి వెళ్లడమే దారి.

గేర్‌బాక్స్‌లో ఇత్తడి సింక్రో రింగులుంటాయి. గేరు మార్చేటప్పుడు రింగు గేరు కోన్‌ని రాపిడితో పట్టుకుని, రెండిటి వేగాన్నీ సమం చేశాకే గేరు పడనిస్తుంది. అంటే అక్కడ కాస్త పట్టు కావాలి. డిఫరెన్షియల్ లోపలి హైపాయిడ్ గేర్ల కథ వేరు. వాటి పళ్లు భారీ ఒత్తిడి కింద ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి. ఆయిల్ పొర తెగినా లోహం అరగకుండా కాపాడే గంధకం, భాస్వరం రసాయనాలు ఎక్కువ మోతాదులో కావాలి. జీఎల్-5లో ఉండేవి అవే. గేర్‌బాక్స్‌లోకి వచ్చేసరికి సింక్రోకి కావాల్సిన పట్టుని అవే తగ్గిస్తాయి. జీఎల్-5 ఇత్తడిని తినేస్తుందన్న భయం చాలామందిలో ఉంది. పాత ఫార్ములాల విషయంలో అందులో నిజం ఉంది కానీ, ఇప్పుడొచ్చే చాలా ఆయిల్స్ రాగి, ఇత్తడి జోలికి అంతగా పోవు. నా దృష్టిలో అసలు సమస్య జారుడే.

మొదట ఒక 75డబ్ల్యూ-80 జీఎల్-4 పోశాను. చలికి అద్భుతం, రెండో గేరు మొదటి రోజు నుంచే పడింది. ట్రాక్ మీద బాగా వేడెక్కాక మాత్రం గేర్ల రొద పెరిగింది, లివర్ వదులుగా అనిపించింది. తర్వాత రెడ్‌లైన్ ఎంటీ-90కి మారాను. ఇది 75డబ్ల్యూ-90, జీఎల్-4. ఎండాకాలానికి దీన్ని మించింది నాకు దొరకలేదు. గేరు ఎక్కడ పడిందో చేతికి స్పష్టంగా తెలుస్తుంది. గట్టి చలిలో మొదటి పది నిమిషాలు కాస్త బిగువుగా ఉంటుంది, అంతే. ఫోర్డ్ వాళ్ల మోటర్‌క్రాఫ్ట్ ఫుల్ సింథటిక్ 75డబ్ల్యూ-90 కూడా చాలాకాలం వాడాను. మియాటా వాళ్లు దాన్ని ఎందుకంత పొగుడుతారో పోశాకే అర్థమైంది. చలిలో ఎంటీ-90 కంటే మెత్తగా ఉంది, వేడిలో కొంచెమే వెనకబడింది. ఖరీదు మాత్రం గుచ్చుకుంటుంది. ఏడాది పొడవునా నడిపేవాళ్లకి మోటర్‌క్రాఫ్ట్, చలికాలం గరాజ్‌లో పెట్టేసేవాళ్లకి ఎంటీ-90. నా ఓటు ఇలా.

90 అన్న అంకె చూసి ఇంజిన్ ఆయిల్ కంటే రెట్టింపు చిక్కన అనుకోకండి. గేర్ ఆయిల్ కొలమానం వేరు. వంద డిగ్రీల దగ్గర 90 గేర్ ఆయిల్ చిక్కదనం సుమారుగా 40, 50 ఇంజిన్ ఆయిల్ అంతే.

ఇక సీసాల లెక్క. గేర్‌బాక్స్‌కి 2 లీటర్లు పడుతుంది. అమెరికాలో క్వార్ట్ సీసా అంటే 946 మిల్లీలీటర్లు, కాబట్టి రెండు సీసాలు కొంటే చివర్లో వంద మిల్లీలీటర్లు తక్కువవుతాయి. మూడు కొనండి, మిగిలింది వృథా కాదు. గేర్ లివర్ కింద టరెట్ అనే చిన్న గిన్నెలాంటి భాగంలో విడిగా 80 మిల్లీలీటర్ల దాకా ఆయిల్ ఉండాలి. చాలా షాపులవాళ్లు దాన్ని ముట్టుకోరు. కన్సోల్ విప్పితే అక్కడ పొడిగా ఉండటం, లివర్ చుట్టూ ఉండే రబ్బరు బూటు (తొడుగు) చిరిగి ఉండటం ఈ కార్లలో మామూలే. నాకైతే ఆయిల్ మార్పు ఎంత తేడా చూపించిందో, కొత్త బూట్లు వేసి టరెట్ నింపడం కూడా దాదాపు అంత తేడా చూపించింది. కేబిన్‌లోకి వచ్చే వేడి, రొద కూడా తగ్గాయి.

డిఫరెన్షియల్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. 1 లీటరు, జీఎల్-5, 75డబ్ల్యూ-90 సింథటిక్. టోర్సెన్‌లో క్లచ్ ప్లేట్లు ఉండవు, పని అంతా గేర్లదే. అందుకే ఫ్రిక్షన్ మాడిఫైయర్ (క్లచ్ ప్లేట్ల రాపిడిని సర్దే మందు) కలపాల్సిన పనిలేదు, షాపులో అంటగట్టబోయినా వద్దనండి. క్లచ్ రకం లిమిటెడ్ స్లిప్ బిగించుకున్నవాళ్లకి మాత్రం అది కావాలి, లేకపోతే పార్కింగ్‌లో మలుపు తిప్పేటప్పుడు వెనకనుంచి దడదడ మొదలవుతుంది. 1990-93 నాటి 1.6 లీటర్ల కార్లలో వచ్చిన, చిక్కటి ద్రవంతో పనిచేసే విస్కస్ రకానికీ మాడిఫైయర్ అక్కర్లేదు. వాటికి ఆయిల్ కూడా తక్కువే పడుతుంది. 140 హార్స్‌పవర్ కారుకి 75డబ్ల్యూ-140 పోయడం నా ఉద్దేశంలో డబ్బు దండగ. దానికి బదులు, ట్రాక్‌కి వెళ్లేవాళ్లు మామూలు 90నే ఏటా మార్చుకోవడం మేలు.

మార్చేటప్పుడు ముందు పైనున్న ఫిల్ ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకుని, ఆ తర్వాతే కింది డ్రెయిన్ ప్లగ్ మీద చెయ్యి వేయండి. మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి పైది పట్టేస్తే, కిందిది ఖాళీ చేశాక కారు కదలదు. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి నల్లటి మెత్తని పేస్టు అంటుకుని ఉంటే సహజమే. వేళ్లకి గుచ్చుకునే ముక్కలు కనబడితే మాత్రం కొత్త ఆయిల్ పోసేముందు మెకానిక్‌కి చూపించండి.